పేరు కొట్టించిన విమానం

మొన్నొక ఆదివారం పొద్దున్న మా కీసర వీధిలో పాతసామాన్ల బండి వచ్చి ఆగింది. "పాత ఇత్తడి, పాత రాగి, పాత ఇనుము" అంటూ మైకులో రికార్డు చేసిపెట్టిన గొంతు అలుపు లేకుండా అరుస్తున్నది. మా ఆవిడ ఆ బండికోసం మూడు వారాలుగా కాచుకుని వున్నది. మా అటకమీద ఒక ఇత్తడి గుండిగ వుంది. నలుగురికి వండడానికి అది మరీ పెద్దది, నీళ్లు పట్టి మోయడానికి మరీ బరువు. దాన్ని ఇచ్చేసి, వంటింట్లోకి ఒక వరస స్టీలు డబ్బాలు తీసుకోవాలని ఆవిడ సంకల్పం. సంకల్పం ఆవిడది, నిచ్చెన ఎక్కడం నాది. అది సంసారంలో పాత ఏర్పాటే గదా!

గుండిగను దింపి గుడ్డతో మసి తుడిచేసరికి అంచుకింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలినై. మన ఇళ్లలో కొత్త గిన్నె కొంటే పేరు కొట్టించనిదే గడప దాటనివ్వరు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఎరువు వెళ్లిన గిన్నె తిరిగి ఇల్లు చేరాలంటే అదే దారి. అందువల్ల మా నాయనమ్మ పేరు వుంటుందని కళ్లజోడు సవరించుకుని చదివాను. నాయనమ్మ పేరు కాదు. అమ్మ పేరూ కాదు. మా వంశంలో ఆ పేరుగల మనిషే లేదు.

"ఏమండీ, మీరు పేర్లు చదువుతూ కూచుంటే బండి కాస్తా వెళ్లిపోతుంది," అన్నది మా ఆవిడ.

"ఇది మనది కాదేమో!"

"మన అటకమీద వుంది. మనది కాకపోతే ఎవరిదట?"

బండి అతను ఈ సంభాషణ విని నవ్వాడు. "సారూ, పేరుతోని ఏం పని? కాంటమీద పెడితే పేరుకు బరువుండదు," అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు పాఠం చెప్పేవాణ్ణి, పేరుకు బరువుండదని ఒకరంటే ఊరుకోవలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే హకీంపేట వైపునుంచి శిక్షణ విమానం ఒకటి మా ఇంటిమీదుగా పోయింది. మాకిది నిత్యకృత్యం. ఆకాశంలో చప్పుడయితే మా వీధిలో పిల్లలు కూడా తలెత్తరు. నేను మాత్రం ఆ రోజు తలెత్తాను. ఎందుకంటే గుండిగమీద పేరు కొట్టించినట్టే, విమానంమీద పేరు రాయించిన కథ ఒకటి నాకు జ్ఞాపకం వచ్చింది. ఆ పేరు మరెవరిదో కాదు, మన హైదరాబాదుది.

"వచ్చే ఆదివారం రా నాయనా," అని బండి అతన్ని పంపేశాను. మా ఆవిడ ఏమన్నదో అది ఇక్కడ అప్రస్తుతం.

ప్రథమ ప్రపంచ సంగ్రామం నాటి మాట. 1911లో గద్దెనెక్కిన ఏడవ నైజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ యుద్ధంలో బ్రిటిషువారికి ధారాళంగా ధనసహాయం చేశాడు. 1918లో వారు ఆయనకు 'బ్రిటిషు ప్రభుత్వపు విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అనే బిరుదునిచ్చారు. ఆ సహాయంలో ఒక భాగం విమానాలు. బ్రిటిషు వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్ అని ఒకటి వున్నది. ఆ స్క్వాడ్రనుకు మొట్టమొదట ఇచ్చిన డీ.హెచ్. 9ఏ విమానాలకు డబ్బు నైజాం ఇచ్చాడు. అందుకని ఒక్కొక్క విమానం పక్కన, ఇది హైదరాబాదు నైజాంగారి బహుమానం అని ఇంగ్లీషులో రాయించారు. దానికి తోడు హైదరాబాద్ నంబరు ఇంత అని వరస సంఖ్య కూడా వేశారు. దరిమిలా ఆ స్క్వాడ్రనుకే హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు స్థిరపడింది.

చదువరులకు నవ్వు రావచ్చు. గుడికి పంకా ఇచ్చిన దాత, రెక్కలు కనిపించకుండా వాటిమీద తన పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ రాయించడం మనం చూస్తూనే వున్నాం. రాజులైనా ఆ ముచ్చటకు అతీతులు కారు. కాని చూడండి, ఆ రాత లేకపోతే నూరేళ్ల తరువాత కీసరలో కూచుని ఈ కథ చెప్పే వీలు నాకు వుండేది కాదు.

ఆ విమానం ఎట్లాంటిదో రెండు మాటల్లో చెబుతాను. కర్రతో చట్రం కట్టి, పైన నారగుడ్డ బిగించి, గుడ్డ బిర్రబిగిసేటట్టు ఒక రకం పూత పూసేవారు. ఒకదానిపైన ఒకటి రెండేసి రెక్కలు, కొసనుంచి కొసకు దాదాపు 46 అడుగులు. ఇంతకు ముందు వచ్చిన డీ.హెచ్. 9కు ఇంజను బలం చాలలేదు. అందువల్ల వెస్ట్‌లాండ్ కంపెనీవారు దాన్ని మార్చి, అమెరికానుంచి వచ్చిన 400 అశ్వశక్తి లిబర్టీ ఇంజను బిగించారు. అదే 9ఏ. మనుషులు ఇద్దరు: ముందు నడిపేవాడు, వెనక తుపాకీ పట్టుకుని కూచునేవాడు. తలమీద కప్పు లేదు. వేల అడుగుల ఎత్తున, ఎముకలు కొరికే చలిలో, పట్టపగలు శత్రుదేశంమీదికి పోయి బాంబులు వేసి రావాలి. ఇది ఒంటరిగా గాలిలో యుద్ధంచేసే ఫైటరు కాదు, పగటి బాంబరు. అయినా తనను తాను కాపాడుకోవడానికి ఫైటరుతో పోరాడవలసిందే.

ఇంగ్లండులో యోవిల్ అనే ఊళ్లో వెస్ట్‌లాండ్ కార్ఖానాలో తయారైన వీటిలో ఒకదాని నంబరు ఎఫ్ 1010. దాని పక్కన రాసిన పేరు 'హైదరాబాద్ నంబరు 12ఏ'. మన వీధుల్లో ఇంటి నంబరులాగా లేదూ! 1918 సెప్టెంబరు మొదట్లో స్క్వాడ్రన్ ఫ్రాన్సు చేరుకున్నది. ఆ నెల 14వ తేదీన మొదటి దాడికి బయలుదేరింది. అక్టోబరు 5వ తేదీన జర్మనీమీదికి వెళ్లిన విమానాల్లో ఎఫ్ 1010 తిరిగి రాలేదు. శత్రుభూమిలో దిగవలసి వచ్చింది. లోపలి ఇద్దరూ ప్రాణాలతో బయటపడి ఖైదీలయ్యారు. విమానం జర్మనుల వశమైంది. ఆ తరువాత సరిగ్గా 37 రోజులకు, నవంబరు 11వ తేదీన, యుద్ధమే ఆగిపోయింది!

అప్పటికి విమానం వయసు కొద్ది నెలలు. దాని అసలు కథ యుద్ధం ఆగిన తరువాతనే మొదలైంది.

ఎవరికైనా అయ్యో పాపం అనిపిస్తుంది. నైజాం డబ్బు, యోవిల్ పనివాళ్ల చెమట, చివరకు శత్రువు పాలు! కాని ఒక్కసారి తక్కిన విమానాల గతి చూడండి. 9ఏ రకం విమానాలు బ్రిటనులో సుమారు 2000 తయారయ్యాయి. యుద్ధం తరువాత అవి పదేళ్లకుపైగా పనిచేశాయి. మన దేశపు వాయవ్య సరిహద్దు కొండలమీద కూడా ఎగిరాయి. ఎగిరి, అరిగి, విరిగి, వరసగా తుక్కులో పడ్డాయి. నైజాం ఇచ్చిన మిగతా విమానాలకూ అదే దారి అయింది. బ్రిటనులో తయారైన ఆ రెండువేల 9ఏ లలో నేటికి మిగిలింది ఎఫ్ 1010 ఒక్కటే. సొంతవాళ్ల చేతిలో వున్నవన్నీ పోయినై, శత్రువు చేతికి చిక్కినది మిగిలింది. వాడుకునేవాడికి విమానం పనిముట్టు, గెలుచుకున్నవాడికి జ్ఞాపకచిహ్నం. పనిముట్టు అరిగేదాకా వాడతాం, చిహ్నాన్ని గోడకు తగిలిస్తాం. అదీ తేడా.

1919 నాటి వెర్సేల్స్ సంధి జర్మనీకి యుద్ధవిమానాలు వుండకూడదన్నది. ఈ చిక్కిన విమానం మాత్రం ఆ దేశంలోనే వుండిపోయింది. 1936లో బెర్లినులో ఒక పెద్ద విమాన ప్రదర్శనశాల తెరిచినప్పుడు మన 'హైదరాబాద్ నంబరు 12ఏ' అక్కడ కొలువు తీరింది. అదే ఏడు బెర్లినులో ఒలింపిక్సు కూడా జరిగినై. దేశదేశాలవాళ్లు మోహరించిన ఆ నగరంలో హైదరాబాదు పేరుతో ఒక కర్ర విమానం నిలబడి వుంది.

తరువాత రెండవ ప్రపంచయుద్ధం. 1943 నవంబరులో బ్రిటిషు విమానాలు బెర్లినుమీద కురిపించిన బాంబులు ప్రదర్శనశాలను కూడా దెబ్బతీశాయి. విధి వైపరీత్యం కాకపోతే ఏమిటి చెప్పండి, ఏ దళంలో చేరి బాంబులు వేయడానికి పుట్టిందో ఆ దళంవారి బాంబులకే భయపడి ఈ విమానం వలస పోవలసి వచ్చింది! మిగిలిన విమానాలను జర్మనులు తూర్పుగా, అప్పుడు తమ ఆక్రమణలో వున్న పోలండులోకి తరలించి దాచారు. యుద్ధం ముగిసేసరికి జర్మనులు లేరు, పోలండు వున్నది. విమానాలు పోలండువారి చేతికి వచ్చాయి.

అప్పటికే బొందితప్ప రెక్కలు లేవు. ఊరూరా గోదాములు మారుతూ కొన్నేళ్లు గడిచాక, 1960లలో క్రాకో నగరపు పాత విమానాశ్రయంలో పోలండువారు ఒక విమాన మ్యూజియం ఏర్పాటు చేసుకున్నారు. బెర్లినునుంచి వచ్చిన శరణార్థులన్నీ అక్కడికి చేరాయి. వాటిలో మన రెక్కల్లేని పక్షి కూడా ఒకటి.

ఇక్కడినుంచి కథ నా గుండిగ వైపుకు తిరుగుతుంది. బ్రిటనులో వైమానిక దళపు మ్యూజియంవారికి 9ఏ ఒక్కటి కూడా లేదు. వుండవలసిన ఆ ఒక్కటీ పోలండులో వుంది. ఆ రోజుల్లో పోలండు ఒక కూటమి, బ్రిటను మరొక కూటమి. అయినా మ్యూజియంవాళ్లు మాట్లాడుకున్నారు. 1977లో ఒప్పందం కుదిరింది. పోలండువారు ఎఫ్ 1010ను ఇచ్చేటట్టు, బదులుగా బ్రిటిషువారు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చేటట్టు. ఆ స్పిట్‌ఫైర్ నంబరు ఎస్ఎమ్ 411, 1944లో తయారైనది. పాత గుండిగకు స్టీలు డబ్బాలు!

పైకి చూస్తే ఇది బొత్తిగా కుదరని బేరం. ఒకవైపు రెక్కల్లేని కర్ర చట్రం, రెండోవైపు ప్రపంచమంతా పేరు విన్న ఫైటరు విమానం. కాంటమీద పెట్టి తూస్తే బ్రిటిషువాళ్లు మోసపోయారనే అంటాం. కాని ఆలోచించి చూడండి. రెండవ యుద్ధంలో స్వదేశం శత్రువు పాలైతే పోలండు యువకులు ఇంగ్లండు చేరి, ఆ దేశపు దళంలో తమ స్క్వాడ్రన్లు ఏర్పరచుకుని యుద్ధం చేశారు. వారిలో ఎందరో స్పిట్‌ఫైర్లు నడిపారు, ఎందరో తిరిగి ఇల్లు చేరలేదు. క్రాకోలో ఒక తల్లికి ఆ స్పిట్‌ఫైర్ ఇంగ్లండు విమానం కాదు, తన కొడుకు కూచున్న విమానం. అలాగే 9ఏ పోలండువారికి యుద్ధంలో దొరికిన పరాయి సామాను. ఇంగ్లండువారికి తమ పనివాళ్లు చేసిన, తమ పిల్లలు ఎగిరిన బండి. ఎవరి కథ వారికి చేరింది. ఇరుపక్షాలూ లాభపడిన బేరం లోకంలో అరుదు, అందులో ఇదొకటి.

లండను చేరిన చట్రానికి కొత్త రెక్కలు కట్టారు. మరమ్మతు ముగిసి 1983లో హెండన్ మ్యూజియంలో ప్రదర్శనకు నిలిపారు. దాని పక్కన నైజాం పేరు, హైదరాబాదు పేరు మళ్లీ వెలిసినై.

మా కాలేజీలో ఒక విద్యార్థికి ఈ కథ చెబితే అతను వెంటనే, "సార్, రెక్కలు కొత్తవి, గుడ్డ కొత్తది, పూత కొత్తది. మరి అది అదే విమానం ఎట్లా అయింది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. నేను మన ఊళ్ల రథాలను చూపించాను. చక్రం విరిగితే చక్రం మారుస్తారు, ఇరుసు చెడితే ఇరుసు మారుస్తారు. అయినా అది మన తాతలు లాగిన రథమే. ఎందుకంటే ఏ ఏడూ లాగడం మానలేదు. విమానానికి అలా వరస తెగకుండా పట్టి వుంచేది దాని నంబరు. కార్ఖానాలో పుట్టినరోజున వేసిన ఆ నంబరు స్క్వాడ్రన్ పుస్తకాల్లో ఎక్కుతుంది. పోయిన రోజున పోయిన విమానాల పట్టీలో ఎక్కుతుంది. తరువాత మ్యూజియం పద్దుల్లో ఎక్కుతుంది. ఏ తేదీన ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందో ఆ నంబరు పట్టుకుని వెనక్కు నడిచి చెప్పవచ్చు. మన తామ్రశాసనాల్లో దాత ఎవరు, గ్రహీత ఎవరు, పొలానికి నాలుగు సరిహద్దులేవి అని రాసినట్టే. రాత వున్నంతకాలం వస్తువు అనాథ కాదు.

అదలా వుంచండి. ఇంతకీ ఆ విమానం ఎవరిది? డబ్బు నైజాంది. బహుమానం పుచ్చుకున్నది బ్రిటిషు దళం. పట్టుకున్నది జర్మను సైన్యం. దాచింది బెర్లిను, కాపాడింది క్రాకో, మార్పిడి పుచ్చుకున్నది లండను. చట్టం ప్రకారం చూస్తే దానం ఇచ్చిన రోజే హైదరాబాదుకు హక్కు తీరిపోయింది. దాన్ని తిరిగి ఇమ్మని అడగడం గుడికిచ్చిన పంకాను దాత మనుమడు వచ్చి విప్పుకుపోవడంలాగా వుంటుంది. నేను ఆ పక్షం కాదు. నా బాధ వేరు. హెండనులో ఆ విమానం ముందు నిలబడి దేశదేశాల పిల్లలు హైదరాబాదు పేరు చదువుకుంటున్నారు. హైదరాబాదులో మన పిల్లలకు అలాంటి విమానం ఒకటున్నదన్న సంగతే తెలియదు.

ఆ పేరు ఒక్క విమానంతో ఆగలేదు కూడా. 1919లో రద్దయిన 110వ స్క్వాడ్రన్ 1937లో మళ్లీ లేచింది. రెండవ యుద్ధం ప్రకటించిన మరునాడు, 1939 సెప్టెంబరు 4న, జర్మను యుద్ధనౌకలమీద జరిగిన మొదటి దాడిలో పాల్గొన్నది. ఆ యుద్ధంలోనే 152వ స్క్వాడ్రన్ హైదరాబాద్ పేరుతో స్పిట్‌ఫైర్లు నడిపింది, 253వ స్క్వాడ్రన్ హైదరాబాద్ స్టేట్ పేరుతో హరికేన్లు నడిపింది. 152వ దళం చిహ్నంలో నైజాంగారి తలపాగాయే వుంటుంది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం ఇండియాలో కలిసిపోయింది. నైజాం రాజ్యం లేకుండా పోయిన 23 ఏళ్ల తరువాత కూడా, 1971 దాకా, హైదరాబాద్ పేరుగల 110వ స్క్వాడ్రన్ సింగపూరులో హెలికాప్టర్లు నడుపుతూ వుంది! రాజ్యంకన్నా పేరు గట్టిది కాబోలు.

లండను దాకా పోలేనివారు ఈ విమానపు చుట్టాలను మన దేశంలోనే చూడవచ్చు. యుద్ధం తరువాత బికనీరు మహారాజుకు బ్రిటిషువారు డీ.హెచ్. 9లు ఇచ్చారు. అంటే మన 9ఏకు అన్నలన్నమాట. అవి కోటలో ఏనుగుశాలలో పడి, చెదలు తినగా మిగిలాయి. ఆ మిగిలినవాటిని ఇంగ్లండువారు కొని తీసుకుపోయి, బాగుచేసి, ఒకదాన్ని 2019లో గాలిలోకి లేపారు. ఒకటి జునాగఢ్ కోటలో నేటికీ వుంది. ఇక 9ఏ రెక్కలూ భాగాలూ వాడుకుని అదే వెస్ట్‌లాండ్ కంపెనీ తరువాత వాపిటి అనే విమానం చేసింది. 1933 ఏప్రిలు 1న మన భారత వైమానిక దళపు మొదటి స్క్వాడ్రన్ కరాచీలో మొదలైనప్పుడు దానికి వున్నవి నాలుగే విమానాలు, నాలుగూ వాపిటిలే. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క వాపిటి ఢిల్లీలో, పాలం మ్యూజియంలో వుంది. ఈసారి ఢిల్లీ వెళ్లినప్పుడు కుతుబ్ మినారుకిచ్చే సమయంలో ఒక గంట దానికి కూడా ఇవ్వండి.

చివరి మాట ఒకటి. ఆ విమానంమీద నైజాం పేరు వుంది, నిజమే. కాని రాజు డబ్బును ఏ పద్దుకింద రాసినా అది మొదట పుట్టేది పొలంలో. ఆ పొలాల్లో కీసర పొలాలూ వున్నాయి. శిస్తు కట్టిన రైతు పేరు విమానంమీద రాయడానికి చోటు చాలదు, రాయాలని ఎవరికీ తోచదు కూడా. అందుకే మా కీసరగుట్టమీద ఒక రాతి అంటే నాకు ప్రాణం. విష్ణుకుండినుల కాలం నాటిదని పండితులు చెప్పే ఆ రాతిమీద 'తొలుచువాండ్రు' అని ఒకే ఒక్క మాట చెక్కివుంది. అంటే రాతిని తొలిచే పనివాళ్లు. ఏ రాజు పేరూ లేదు, ఏ దాత పేరూ లేదు. తెలుగులో మనకు దొరికిన తొలినాటి రాతల్లో అదొకటి. గుట్ట తొలిచినవాళ్లు తమ ఉనికిని తామే రాసుకుపోయారు. పేరుకు బరువుండదన్న బండి అతనికి చూపించవలసింది ఆ రాయి.

ఇక గుండిగ సంగతి. వారం గడువు దొరికింది గదా, నేను మా పెద్దమ్మ దగ్గరికి వెళ్లి ఆ పేరు చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "అది మనది కాదు బిడ్డా, కుదువది," అన్నది. 1972 కరువులో పక్క ఊరినుంచి ఒకామె వచ్చి మా తాతగారి కిరాణా కొట్టులో ఆ గుండిగ పెట్టి జొన్నలు తీసుకుపోయిందట. పంట పండినాక విడిపిస్తానన్నదట. ఆమె రాలేదు. తాతగారు అమ్మలేదు. తాతగారు పోయారు, కొట్టు పోయింది, గుండిగ మాత్రం ఇల్లు మారినప్పుడల్లా మా వెంట వచ్చింది. యాభై ఏళ్లు అటకమీద వుంటే మాదే అనుకున్నాం.

ఈ మాట ఇంట్లో చెప్పేసరికి మా ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి చింతపండు నానేసింది. "పరాయివాళ్ల సొమ్ము మసితో ఎట్లా ఇస్తాం?" అన్నది. స్టీలు డబ్బాల ప్రస్తావన మళ్లీ రాలేదు. తోమేసరికి గుండిగ బంగారంలాగా మెరిసింది, పేరులో ఒక్క చుక్క కూడా చెరగలేదు.

ఇద్దరం ఆ ఊరు వెళ్లి నలుగురిని అడిగి ఇల్లు కనుక్కున్నాం. ఆమె ఎన్నడో పోయింది. కొడుకు వున్నాడు, డెబ్బై దాటిన పెద్దమనిషి. గుండిగను అరుగుమీద పెట్టగానే ఆయన దాన్ని చూడలేదు, అంచుకింద వేలు పెట్టి తడిమాడు. "మా అవ్వది," అన్నాడు. చదువు రాదట, చుక్కలను వేలితోనే గుర్తుపట్టాడు. మరి కాసేపటికి ఆయన అడిగిన మాట నేను మరచిపోలేను. "ఎంతకు పెట్టిందో లెక్కున్నదా సారూ? బాకీ కట్టాలె గద!"

లెక్క లేదన్నాను. బాకీ తీరిపోయిందన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చివరికి చెట్టునుంచి కోయించి ఒక గంపెడు సీతాఫలాలు మా బండిలో పెట్టించాడు. మా ఆవిడ వద్దనబోతే నేను సైగచేసి వారించాను. 1977లో క్రాకోవాళ్లూ లండనువాళ్లూ చేసుకున్నది కూడా ఇటువంటి బేరమే గదా.

గుండిగమీద పేరేమిటో నేను ఇక్కడ రాయలేదు. అది వాళ్ల అరుగుమీద వుంది, చదువుకోవలసినవాళ్లు అక్కడ చదువుకుంటారు. మీ అటకమీద కూడా ఒక గుండిగో, ఒక చెంబో వుండేవుంటుంది. బండికి వేసేముందు ఒక్కసారి మసి తుడిచి చూడండి.